సన్మానము వలదన్నవాని ఋణము

సన్మానము వలదన్న మనుష్యుని, అతడు గతించిన పిమ్మట మన తృప్తి కొరకు సన్మానించుట ధర్మమా, అధర్మమా అను ప్రశ్న మొదటి చూపునకు పండితగోష్ఠులలో ప్రొద్దుపుచ్చుటకు పనికివచ్చు చమత్కారమువలె కానవచ్చునుగాని, యస్. ఆర్. శంకరన్ గారి జీవితమును ఎదుట నిలుపుకొని ఆలోచించినచో అది మన ధర్మశాస్త్రములలోని మిక్కిలి ప్రాచీనమైన ఒక చిక్కుముడి కడకు మనలను కొనిపోవును. మూడున్నర దశాబ్దములు ప్రభుత్వోద్యోగములో గడపి, అందులో అధికభాగము ఈ తెలుగు నేలపై నిరుపేదల పక్షమున వెచ్చించిన ఆ అధికారికి 2005లో కేంద్రప్రభుత్వము పద్మభూషణ పురస్కారమును ప్రకటింపగా, ఆయన దానిని స్వీకరింపలేదు. స్వీకరింపకపోవుటను మరియొక కీర్తిగా మలచుకొనుటకును ఆయన యత్నింపలేదు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూసిన నాటినుండి ఆయనను స్మరించుచున్న మనమందరము, చనువున్న మిత్రుని మాటను త్రోసిపుచ్చినట్లు, ఆయన నిరాకరణమును త్రోసిపుచ్చుచునే యున్నాము. ఈ వ్యాసకర్తయు అందులకు మినహాయింపు కాడు.

శ్రీశైలము పోవు రహదారికిని నాగార్జునసాగరము పోవు రహదారికిని నడుమ నున్న బడంగ్‌పేటలో ఈ ప్రశ్న తోచుటకు కారణము లేకపోలేదు. పంచాయతీగా ఉన్న నాటి జొన్నచేలు వెంచర్లుగాను, వెంచర్లు అపార్టుమెంట్లుగాను మారి, 2019లో నగరపాలక సంస్థ హోదా వచ్చిన ఈ ఊరి కూడళ్ళలో గౌరవచిహ్నములకు కొదువ లేదు. జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీలలో జన్మదినము గలవానికన్న శుభాకాంక్షలు తెలుపువారి ముఖములే ఎక్కువ తావు నాక్రమించుట అందరును ఎరిగినదే. ఈ ఇరుగుపొరుగుననే బాలాపూరు గణేశుని లడ్డూ వేలము జరుగును. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట ఇప్పుడు ముప్పది లక్షలు దాటినది. పాడుకొన్నవానికి ఆ దినమున పూలదండలు, మేళతాళములు, పత్రికలలో ఛాయాచిత్రములు. వచ్చిన సొమ్ము గుడికి, బడికి, ఊరి పనులకు. దీనిని పరిహసించుట నా ఉద్దేశము కాదు. ఇచ్చినది నలుగురెదుట, పుచ్చుకొన్నది నలుగురెదుట. ఊరికిని దాతకును నడుమ లెక్క ఆ సాయంత్రమునకే సరిపోవుచున్నది. లెక్క సరిపోవుటయే ఇట్టి సన్మానములలోని సౌఖ్యము. శంకరన్ గారి విషయమున ఆ సౌఖ్యము మనకు దక్కదు.

ఇక సన్మానములలో శాశ్వతమైనదని పేరుపడినది నామకరణము. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాలోని గ్రామీణ ప్రాంతములను వేరుచేసి ఏర్పరచిన ఈ జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు పెట్టిరి. మొయినాబాదు చెంత పెద్దమంగళారమున 1890లో పుట్టి, వకీలై, నిజాము రాజ్యములో తెలుగు మాటకు సభామర్యాద లేని దినములలో 1936 నాటి షాద్‌నగర్ ఆంధ్రమహాసభకు అధ్యక్షుడై, తరువాత ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిగా పనిచేసి, 1970లో గతించిన ప్రజాసేవకు డాయన. ఇప్పుడా పేరు రిజిస్ట్రేషను దస్తావేజులలో, బస్సుల మీద, సంభాషణలలో ఆర్.ఆర్. అను రెండక్షరములకు కుదించుకొనిపోయి, లక్షల నోళ్ళలో నానుచున్నను, ఆ మనుష్యుని మాత్రము ఎవరికిని జ్ఞప్తికి తేకున్నది. పేరు మిగిలి మనిషి మరుగుపడుట నామకరణములకు తరచు పట్టు గతియే.

శంకరన్ గారు ఈ జిల్లావారు కారు, తెలుగువారును కారు. తమిళదేశమున 1934 అక్టోబరు 22న జన్మించి, కొంతకాలము కళాశాలలో పాఠములు చెప్పి, 1950వ దశాబ్దము చివర ఐ.ఏ.ఎస్.లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిరి. నెల్లూరు కలెక్టరుగా పనిచేసిరి. కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం గారి కడ నుండి బొగ్గుగనుల జాతీయీకరణమున పాలుపంచుకొనిరి. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శులైరి. ఒక ముఖ్యమంత్రికి ఆయన పల్లెలు తిరిగి జీతగాండ్రకు చట్టము చెప్పుట కంటగింపు కాగా, నృపేన్ చక్రవర్తి గారి ఆహ్వానముపై త్రిపురకు పోయి అచ్చట ప్రధాన కార్యదర్శిగా ఏండ్లతరబడి పనిచేసిరి. మరలివచ్చి తిరిగి సాంఘిక సంక్షేమమునే చేపట్టిరి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమున గుర్తేడు వద్ద నక్సలైట్లు కొందరు అధికారులను నిర్బంధించినప్పుడు వారిలో ఒకరైరి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా 1992లో విరమించిరి. తనను బంధించినవారికిని ప్రభుత్వమునకును నడుమ రక్తపాతము తగ్గవలెనని, పౌరస్పందన వేదికకు సారథ్యము వహించి, 2004 నాటి చర్చలకు దారి వేసినవారిలో ముఖ్యులగుటయు, పాకీపని నిర్మూలనమునకై సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కై నిలుచుటయు విరమణానంతరపు సంగతులు. వివాహము చేసికొనలేదు. పింఛనులో అధికభాగము పేదపిల్లల చదువులకు పోయెడిదని ఆయన నెరిగినవారందరును చెప్పుదురు.

ఇట్టి జీవితమును గూర్చి మొట్టమొదట మీమాంసకుడు లేవనెత్తగల ఆక్షేపణ యొకటి కలదు. దానిని తప్పించుకొని ముందుకు పోవుట నిజాయితీ కాదు. కర్మములు నిత్యములనియు, నైమిత్తికములనియు, కామ్యములనియు వారు విభజించిరి. స్వర్గము కోరి చేయు యజ్ఞము కామ్యము. దానికి ఫలము కలదు. సంధ్యావందనము వంటిది నిత్యము. చేసినందులకు ప్రత్యేకఫలము లేదు, చేయకున్నచో మాత్రము ప్రత్యవాయము, అనగా దోషము, తప్పదు. ప్రభుత్వాధికారి నెలకు వేతనము పుచ్చుకొని చట్టమును అమలుచేయుట నిత్యకర్మమే గదా, దానికి సన్మాన మేమిటి? సంధ్యవార్చినవానికి శాలువా కప్పుదుమా? ఈ ఆక్షేపణ బలమైనదే; శంకరన్ గారే దీనిని మనసులో అంగీకరించి యుందురని నాకు తోచుచున్నది. కాని ఒక ఊరిలో తరములుగా ఏ ఒక్కరును సంధ్యవార్చక, వార్చకపోవుటయే ఆచారమై, వార్చినవానిని పిచ్చివానిగా చూచు దశ వచ్చినచో, అప్పుడు నిత్యకర్మముయొక్క విలువ ఏమగునను ప్రశ్నకు మీమాంసాసూత్రములలో నేరుగా సమాధానము దొరకదు. వెట్టిని, కట్టుబానిసత్వమును నిషేధించు రాజ్యాంగపు 23వ అధికరణము 1950లోనే వచ్చినది. అంతకుముందు నిజాము ప్రభుత్వము సైతము 1936 ప్రాంతమున భగేలా యను అప్పుచాకిరి ఒప్పందములను అదుపుచేయ నొక శాసనమును చేసియుండెను. తెలంగాణా రైతాంగపోరాటము వెట్టికి వ్యతిరేకముగానే మొదలైనది. అయినను 1980వ దశాబ్దమున ఈ జిల్లాలోని ఇబ్రహీంపట్నం తాలూకా పల్లెలలో జీతగాండ్రుండిరి. ఈ నడిమి ముప్పది, నలువది యేండ్లు నిత్యకర్మము మానిన వా రెందరు, ఆ ప్రత్యవాయము ఎవరి ఖాతాలో పడినది? అధికారి మానిన సంధ్యకు దోషము జీతగానికి తగిలినది.

జీతమనగా ఏమో పట్టణమున పెరిగిన ఈ కాలపు చదువరికి విడమరచి చెప్పవలసియున్నది. కూతురి పెండ్లికో, రోగమునకో, కరవులో తిండిగింజలకో ఒక మాదిగ లేక మాల కుటుంబము పటేలు కడ అప్పు తెచ్చును. ప్రోనోటుమీద వేలిముద్ర పడును. దానికి బదులుగా ఇంటిలో ఒక మగవాడు, తరచు పదేండ్ల పిల్లవాడు, ఆసామి యింట చేరును. తెల్లవారకముందే కొట్టములో పెండ తీయుట, పసులను తోలుకొనిపోవుట, నాగలి, మోట, ఆ తరువాతి కాలమున కరెంటు ఎప్పుడు వచ్చునో అప్పుడు లేచి బావికాడ మోటారు పెట్టుట, రాత్రి గొంగడి కప్పుకొని కల్లము కాచుట. కూలి యనునది ఏటికి ఇన్ని కుంచముల జొన్నలని మాట. జ్వరము వచ్చి నాలుగు నాళ్ళు మానినచో అవి అప్పులో కలియును. ఎద్దు కాలు విరిగినచో అదియు కలియును. ఏడాది చివర లెక్క చూచునది అక్షరములు వచ్చినవాడు, వినునది రానివాడు. తండ్రి ముదిమిచే పనికి చాలకున్నచో కొడుకు ఆ స్థానమున నిలుచును. ఇచ్చట గమనింపదగిన సంగతి యేమనగా, ఆ కొడుకును కట్టి ఉంచినది గొలుసు కాదు, కొరడాయు ఎల్లవేళల కాదు. బాకీ ఎగవేయుట పాపమను నమ్మకము. ఉప్పుతిన్న ఇంటికి ద్రోహము చేయరాదను నీతి అతని ఎముకలలో నున్నది. అప్పిచ్చినవాని వహిలో ఎన్ని దొంగలెక్కలున్నను, అప్పుబడినవాని మనసులో ధర్మమే యున్నది. ఆ ధర్మమే అతనికి సంకెల.

ఋణము పవిత్రమను ఈ భావన మనకు నేటిది కాదు. పుట్టుకతోనే మానవుడు ఋణగ్రస్తుడని వేదము చెప్పినది: ఋషులకు, దేవతలకు, పితరులకు మూడు ఋణములని తైత్తిరీయసంహిత, వానికి మనుష్యఋణమును చేర్చి నాలుగని శతపథబ్రాహ్మణము. బౌద్ధసంఘము ఎంతటివానినైనను చేర్చుకొన్నదిగాని, ఉపసంపద, అనగా భిక్షుదీక్ష, కోరివచ్చినవానిని ఋణమున్నదా యని అడిగి, ఉన్నవానిని వెనుకకు పంపినది. నిర్వాణమునకు పోవువాడు సైతము ముందు బాకీ చెల్లించి పోవలసినదే. స్మృతులు మరియొక యడుగు ముందుకు వేసినవి. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చవలెనన్నవి. సొమ్ము లేనివాడు, ఋణదాతతో సమానమైనట్టియో తక్కువయైనట్టియో జాతివాడైనచో, ఒడలు వంచి పనిచేసి తీర్పవచ్చునని మనువు విధించెను. ఎక్కువజాతివాడు మాత్రము వీలునుబట్టి మెల్లమెల్లగా ఇచ్చునట. జీతము చేయించుకొన్న పటేలు మనుస్మృతి చదివి యుండడు. అయినను ఆ గ్రంథము చెప్పినట్లే జరిగినది. ఈ సంగతిని కప్పిపుచ్చి మన ప్రాచీనులలో అంతయు కరుణయే యుండెనని వ్రాయుట నాకు చేతకాదు.

అయినను న్యాయము కొరకు రెండవ పక్షమును చెప్పవలెను. రొక్కపు అప్పుపై ఎంతకాలము గడచినను వడ్డీ అసలును మించి వసూలు చేయరాదని అదే మనువు కట్టడి చేసెను. త్రాగుడుకు, జూదమునకు, కామమునకు తండ్రి చేసిన అప్పును, అతడు కట్టవలసిన దండుగను కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పగా, విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను; పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరమను పేర ఆ ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలోనికి దింపెను. ఎడ్లు చెడినను జ్వరము వచ్చినను అసలుకు నాలుగింతలు లాగిన మన ఆసాములకు ఏడువందల యేండ్లుగా తెలుగులోనే యున్న ఈ హద్దులు వినబడలేదు. జీతగాడు తీర్చవలెనను విధి మాత్రము చక్కగా వినబడినది. నారదస్మృతిలో దాసుని విడుదలచేయు పద్ధతియే కలదు. యజమాని దాసుని భుజముమీది నీళ్ళకుండను తీసి పగులగొట్టి, అక్షతలు పూలు కలిపిన నీరు వాని తలపై చల్లి, నీవు దాసుడవు కావని ముమ్మారు పలికి, తూర్పుముఖముగా పంపివేయవలెనట. ఆ తంతు ఎంత మనోహరమైనను అందులో ఒక లోపమున్నది: కుండ పగులగొట్టుట యజమాని దయపై ఆధారపడియున్నది. అతనికి బుద్ధి పుట్టువరకు కుండ భుజముమీదనే.

1975 అక్టోబరు 25న అత్యవసరశాసనముగా వచ్చి 1976లో చట్టమైన కట్టుబానిసత్వ నిర్మూలన శాసనము ఈ చోటనే తంతును తలక్రిందులు చేసినది. ఆ శాసనము తాను నిషేధించు పద్ధతుల పట్టికలో జీతమును, పాలేరుతనమును, వెట్టిని, భగేలాను పేరుపేరున పేర్కొన్నది. ఆ క్షణమునుండి ఆ అప్పులన్నియు రద్దు. తీర్చినట్లు కాదు, మాఫీ చేసినట్లును కాదు. అవి చట్టము దృష్టిలో లేనేలేవు. వివాదము వచ్చినచో అది కట్టుబానిసత్వపు బాకీ కాదని ఋజువు చేయు భారము అప్పిచ్చినవానిది. విచారించు అధికారము ఆర్.డి.ఓ., తహసీల్దారు వంటి కార్యనిర్వాహక మెజిస్ట్రేటుల చేతికి వచ్చినది. విడుదలైనవాడు తిరిగి అదే గడప త్రొక్కకుండుటకు పునరావాసముగా 1978 పథకములో నాలుగువేల రూపాయలును, 1986 నుండి 6,250 రూపాయలును ఏర్పాటైనవి. శాసనమును వ్రాసినవారికి పల్లె తెలియునని చెప్పుటకు ఋజువుభారమును గూర్చిన ఆ యొక్క నిబంధన చాలును.

కాని శాసనము పల్లెను చేరుట వేరు. విచారణాధికారి జీపు దిగి నేరుగా పటేలు అరుగుమీద కుర్చీలో కూర్చుండును. జీతగాడు క్రింద గొంతుకూర్చుని యుండును. నీవు ఇష్టపూర్వకముగనే పనిచేయుచున్నావా యని ఆసామి వినుచుండగా ప్రశ్న. అవును దొర అని జవాబు. ఈ గ్రామమున కట్టుబానిసలు లేరని నివేదిక. దేశమందంతటను ఇట్టి నివేదికలు గుట్టలుగా పడినవని సర్వోన్నత న్యాయస్థానమే 1983 నాటి బంధువా ముక్తి మోర్చా తీర్పు మొదలైన వానిలో ఎత్తిచూపవలసి వచ్చినది. ఇబ్రహీంపట్నం తాలూకాలో 1980వ దశాబ్దపు నడుమ గీతా రామస్వామి గారును సహచరులును జీతగాండ్రను, వ్యవసాయ కూలీలను కూడగట్టి సంఘము పెట్టి, జీతము మానిపించుటకును, పేదలకు న్యాయముగా దక్కవలసిన భూములను దక్కించుటకును పోరాడినప్పుడు సచివాలయమున శంకరన్ గారుండుట ఎంత అండయైనదో ఆ పోరాటపు చరిత్ర నెరిగినవారు చెప్పుదురు. శంకరన్ గారు చేసినది చూచుటకు చిన్నది. విచారణ పటేలు అరుగునుండి మాలమాదిగవాడకు మారవలెననిరి. వాడలో, మనుష్యుల నడుమ, నేలమీద కూర్చుండి వినుట ఆయనకే అలవాటు. తన కార్యాలయములోనికి చినిగిన చొక్కాతో వచ్చినవానిని చూచి లేచి ఎదురువచ్చుటయు, పోవునప్పుడు తలుపుదాక సాగనంపుటయు ఆయన విషయమున ఎందరో చెప్పిన సంగతి. అరుగునుండి వాడకు నూరు గజములుండునేమో. ఆ నూరు గజములు నడువని కారణముననే చట్టమంతయు కాగితమైనది. నడిచినచోట జీతగాడు నోరు తెరచినాడు.

ఇచ్చట భగవద్గీతాశాస్త్రమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఏలయనగా నిష్కామకర్మయోగి యను బిరుదు శంకరన్ గారికి సంతాపసభలలో విరివిగా లభించినది. కర్మమునందే అధికారము, ఫలమునందు కాదను బోధను మన ఉద్యోగులు ఎంత సుళువుగా జీర్ణించుకొనిరో చూచినచో భయము కలుగును. ఫైలు పంపితిని, అంతవరకే నా పని, తరువాత ఏమైనదో నాకేల యను వైరాగ్యము సచివాలయమున కావలసినంత కలదు. మిథిల తగులబడినను తనదేదియు కాలదనుకొన్న జనకుని వైరాగ్యమును మన పౌరాణికులు కొనియాడుదురు. మిథిలలో గుడిసె కాలినవాని మాట వారడుగరు. ఫలము నాదైనచో దానియందు నేను అనాసక్తుడనగుట గొప్ప. ఫలము మరియొకనిదైనచో? జీతగాని విడుదలపత్రము, వాని పట్టా, వాని బిడ్డకు వసతిగృహములో ఒక పూట అన్నము, ఇవి ఫలములే; కాని అధికారి ఫలములు కావు. వానియెడ అనాసక్తుడగుటకు అధికారికి హక్కు లేదు. పరుని సొమ్మును కాపలా కాయువాడు, నాకు సొమ్ముపై మమకారము లేదని నిద్రించుట వైరాగ్యము కాదు. అమానిత్వమును, అనగా తన గొప్ప తాను కోరమిని, గీత పదుమూడవ అధ్యాయమున జ్ఞానలక్షణములలో మొదటిదిగా చెప్పినది. శంకరన్ గారి నిష్కామత అంతయు ఆ ఒక్కచోట నున్నది: పేరునెడ అనాసక్తి. పనిఫలము నెడ మాత్రము ఆయన మహారాగి. ఒక వసతిగృహములో పిల్లలకు దుప్పట్లు అందినవో లేదో, ఒక ఉత్తరువు తాలూకా కచేరీలో ఏ బల్లమీద ఆగినదో, పట్టుదలతో వెంటాడు రాగము. సంసారులకు బిడ్డలపై నుండు మమకారమునకు అది తీసిపోదు.

ఇప్పుడు పద్మభూషణము సంగతి. దానిని వినయమనుట పరిపాటి, వినయమే కావచ్చును. కాని నాకు మరియొకటి తోచుచున్నది. జీతపద్ధతికి మూలమంతయు, ఇచ్చినవాడు ఋణదాతగా మారుటలో నున్నది: ఆకలిగొన్ననాడు పెట్టితిని గనుక నీవు నావాడవు. ఈ సూత్రము పటేలుతో ఆగదు. ప్రభుత్వము పేదవాని కొక ఇల్లో, పింఛనో, నాలుగు బియ్యపుగింజలో ఇచ్చి, మరునాడు నాయకుని చిత్రపటమునకు కూడలిలో పాలాభిషేకము చేయించునప్పుడు పాత వహియే క్రొత్త అట్టతో తెరువబడుచున్నది. ఋణము కూలిగింజల రూపమున లేదు, కృతజ్ఞత రూపమున నున్నది. వసూలు ఐదేండ్ల కొకసారి. పేదలకు రాజ్యాంగము ప్రకారము రావలసినది వచ్చినదనుటకును, ఫలానా పుణ్యాత్ముడు ఇప్పించినాడనుటకును నడుమ నున్న దూరము, బాకీ రద్దగుటకును బాకీ చేతులు మారుటకును నడుమ నున్న దూరమే. అప్పుల పద్దులను కొట్టివేయుటలో జీవితము గడపినవాడు, చివరకు తానే అందరికిని ఋణదాతయై, దేశము తన బాకీని ఒక పతకముతో చెల్లించినదని చెప్పించుకొనుటకు ఒప్పుకొనియుండడు. జీతగాని విడుదల శంకరన్ ఇచ్చిన దానము కాదు; వానిదే వానికి ఆలస్యముగా ముట్టినది. ఆలస్యమునకు క్షమాపణ చెప్పుకొనవలసిన సర్కారు పక్షమున పనిచేసిన మనుష్యుడు సర్కారు చేతిమీదుగా బహుమానము పుచ్చుకొనుట ఆయనకు విపరీతముగా తోచియుండవచ్చును. ఇది నా ఊహ. ఆయన నోట వచ్చిన మాట కాదు.

మరి ఋణ మేమియు లేదని మనము చేతులు కడుగుకొనవచ్చునా? శతపథము చెప్పిన నాలుగవదియైన మనుష్యఋణము ఇచ్చట పనికివచ్చును. దేవఋణము దేవతలకే తీరును, పితృఋణము సంతానము ద్వారమున. మనుష్యఋణము మాత్రము మన కిచ్చినవానికే తిరిగి చెల్లింపవలసినది కాదు. ఇంటికి వచ్చిన ఏ మనుష్యునికైనను అన్నము పెట్టి, తావు ఇచ్చి దానిని తీర్చుకొమ్మని ఆ బ్రాహ్మణవాక్యముల తాత్పర్యము. ఇచ్చినవాడు తూర్పున నున్నను చెల్లింపు పడమట జరుగవచ్చును. తొలి దాతకు రశీదు అందనక్కరలేదు. శంకరన్ గారికి మనము పడియున్నది ఈ జాతి బాకీ. విగ్రహము పెట్టువారిని నేను వారింపను. ఆయన విగ్రహమున్నచోట చదువుకొను పిల్లవాడు అది ఎవరిదని అడుగును, ఎవరో ఒకరు చెప్పుదురు, అంతమట్టుకు మేలే. సన్మానము వలదన్నవానిని సన్మానించుట దోషమా యన్న మొదటి ప్రశ్నకు నా సమాధానము, ఆయన కొరకు చేసినచో దోషము, పిల్లవాని కొరకు చేసినచో కాదు అని. కాని బాకీ దానితో తీరదు.

బాకీ తీర్చు తావులు బడంగ్‌పేటనుండి చాల దూరమున లేవు. హైదరాబాదు చుట్టును లేచుచున్న ఇండ్లకు ఇటుకలు కాల్చు బట్టీలలో పనిచేయుటకు ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి ప్రతియేడు వానలు వెనుదిరిగిన పిమ్మట కుటుంబములు కుటుంబములుగా కూలీలు వచ్చుచున్నారు. వచ్చుటకు ముందే కూలీలను కుదుర్చు సర్దారు వారికి అడ్వాన్సు ముట్టజెప్పును, ఎండకాలము ముగియువరకు ఆ అడ్వాన్సు తీరునట్లు ఇటుకలు కోయవలెను, పిల్లలును కోయుదురు. ఇట్టి బట్టీలనుండి కూలీలను విడిపించిన వార్తలు తెలంగాణా పత్రికలలో అప్పుడప్పుడు వచ్చుచునే యున్నవి. 2016 నాటి కేంద్రపథకము పునరావాసధనమును పురుషునకు లక్ష, స్త్రీలకును పిల్లలకును రెండు లక్షలు, ఘోరమైన సందర్భములలో మూడు లక్షల రూపాయలకు పెంచినది. కాని తక్షణసాయము పోగా మిగిలిన మొత్తమును, బంధించినవానికి న్యాయస్థానమున శిక్ష పడుటతో ముడివేసినది. ఋజువుభారమును అప్పిచ్చినవానిపై ఉంచిన 1976 శాసనమును చదివినవారికి ఈ ముడి ఎంత విపరీతమో విప్పి చెప్పనక్కరలేదు. వాయిదాలు నడుచుచుండగా కూలీ తన ఊరికి పోయి, మరుసటి యేడు అదే సర్దారు కడ అదే అడ్వాన్సు పుచ్చుకొనును. వీరి విచారణకు పోవు ఆర్.డి.ఓ. గారు బట్టీ యజమాని గదిలో కుర్చీమీద కాక కూలీల గుడిసెల కడ కూర్చుండవలెను, ఒడియా తెలిసినవారిని ఒకరిని వెంట తీసికొనిపోవలెను, యజమానిని, సర్దారును వినబడనంత దూరమున ఉంచవలెను, ప్రోనోటు లేదుగనుక అప్పు లేదని వ్రాయక, అడ్వాన్సు ఎంత, కోసిన ఇటుక లెన్ని, ముట్టిన కూలి యెంత అని ఒక్కొక్కరిని వేరువేరుగా అడిగి వ్రాసి, విడుదలపత్రమును ఆ పూటనే వారి చేతికీయవలెను.